కోడిని నిదానంగా కాల్చకండి

బెంగళూరు మిద్దెల మీద ఈమధ్య మూత ఉన్న బార్బెక్యూలు బాగా కనిపిస్తున్నాయి. వాటితో పాటే ఒక మంత్రం కూడా దిగుమతి అయింది: సన్న సెగ, ఎక్కువ సమయం. 110 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు పొగ పెడితే ఏ మాంసమైనా వెన్నలా విడిపోతుందని వీడియోలన్నీ చెబుతాయి. అది విని కోడినీ అలాగే పెడతారు. మూత తీసేసరికి రంగు అద్భుతంగా ఉంటుంది, తోమిన రాగి చెంబులా మెరుస్తూ. ఫోటోలయ్యాక కొరికితే తోలు సైకిలు ట్యూబులా సాగుతుంది. ఒక్క కొరుకుకి రొమ్ము మీది తోలంతా ఊడి చేతికొస్తుంది, దాని కింద మాంసం రంపపుపొట్టులా ఉంటుంది. వచ్చినవాళ్ళు మర్యాదకి "పొగ బాగా పట్టింది" అని, తోలు పళ్ళెం అంచుకి నెట్టేస్తారు.

ఈ మంత్రం పుట్టిందే కోడి కోసం కాదు. టెక్సాస్‌లో ఆవు రొమ్ముభాగాన్ని, కరోలినా రాష్ట్రాల్లో పంది భుజాన్ని కాల్చేవాళ్ళది అది. ఆ కండరాలు జంతువు బరువు మోసినవి, నిండా పీచు. ఆ పీచులో ఉండే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారడానికి పది పన్నెండు గంటలు పడుతుంది, లోపలి వేడి 93, 95 దాకా వెళ్ళాలి. మన కొట్లో దొరికే బ్రాయిలర్ వయసు ఆరు వారాలు. దాని రొమ్ములో కరగాల్సిన పీచంటూ దాదాపు లేదు. 66 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి ఆ మాంసం తనలోని నీటిని పిండేసుకోవడమే తప్ప మెత్తబడేదేమీ ఉండదు. కాబట్టి నాలుగు గంటల్లో దానికి జరిగేది ఎండిపోవడమే.

ఇక తోలు. తోలంటే కొల్లాజెను, కొవ్వు, నీళ్ళు. కొవ్వు తక్కువ వేడికే కరుగుతుంది గానీ బయటికి పోవాలంటే దాన్ని పట్టుకున్న పొర వదులు కావాలి, నీళ్ళు ఆవిరైపోవాలి. గ్రిల్లు 110 మీద ఉన్నప్పుడు తోలు 110కి చేరదు. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలినట్టు, పైనున్న తడి ఆరుతూ తోలుని చల్లబరుస్తూనే ఉంటుంది, చాలాసేపు 70 చుట్టుపక్కలే ఆడుతుంది. ఆ వేడికి కొల్లాజెన్ ముడుచుకుని బిగుస్తుంది, కరకరలాడే దశ మాత్రం రాదు. దానికి పైపొర 130 అయినా దాటాలి. అందుకే కోడికి గ్రిల్లు వేడి 165 నుంచి 180 మధ్య ఉండాలన్నది నా వాదన. పొగ ఎలాగూ మొదటి అరగంటలోనే పట్టేస్తుంది, ఎందుకంటే పొగ చల్లటి, కాస్త తేమ ఉన్న తోలుకి బాగా అంటుతుంది. కోడికి ఆపాటి పొగ చాలు. ఆ తర్వాతి మూడు గంటలూ మసి.

ఇదంతా సరిగ్గా చేసినా సగం మంది కొట్టు దగ్గరే ఓడిపోతారు. బెంగళూరు చికెన్ సెంటర్లో "ఫుల్ చికెన్" అంటే తోలు ఒలిచేసి ఇస్తారు. కోడిని వేడినీళ్ళలో ముంచి, డ్రమ్ములో తిప్పి, ఈకలు పీకి, మిగిలిన మొలకల్ని కాల్చడం కంటే చొక్కా విప్పినట్టు తోలు లాగేయడం వాళ్ళకి సులువు. తోలు తీసిన కోడి రేటు కిలోకి ఎక్కువ కూడా. మసాలా కూరకి అది సరిపోతుంది, తండూరీకి కూడా అదే పద్ధతి, ఎందుకంటే అక్కడ పెరుగు పూతే తోలు పని చేస్తుంది. మూత బార్బెక్యూలో ఒలిచిన కోడిని పెడితే మాత్రం పైన అట్టలాంటి పొర కడుతుంది, దాన్ని ఏ వెన్నా కాపాడలేదు. కొట్టువాడు కత్తి తియ్యకముందే చెప్పాలి: "స్కిన్ ఇర్లి, ఫుల్ ఇర్లి, కట్ మాడ్‌బేడి." అంటే తోలు ఉండనివ్వండి, నిండుగా ఉండనివ్వండి, ముక్కలు కొట్టకండి అని. రద్దీ ఉండే ఆదివారం పొద్దున ఈ మాట అడిగితే విసుక్కుంటారు. శనివారం మధ్యాహ్నం అడగండి. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ లాంటి చోట్ల తోలుతో అడిగితే ఎవరూ వింతగా చూడరు.

కోడిని చేతిలోకి తీసుకుని తోలు చూడండి. ముంచిన నీళ్ళు మరీ వేడైతే తోలు రొమ్ము మీద చిరిగి ఉంటుంది, లేదా అప్పటికే ఉడికినట్టు తెల్లగా బిగుసుకుని ఉంటుంది. చిరిగిన చోటే మాంసం మొదట ఎండుతుంది. బరువు తోలుతో సహా 1.3 నుంచి 1.5 కిలోలు ఉండాలి, అంటే బతికున్నప్పుడు రెండు కిలోల పక్షి. కిలో లోపు చిన్న కోళ్ళు తండూరీ హోటళ్ళ సైజు. తోలు రంగు తిరిగేలోపే వాటి రొమ్ము అయిపోతుంది. రెండు కిలోలు దాటిన డ్రెస్డ్ కోడికి రొమ్ము మరీ మందం, తొడలతో సమంగా ఎప్పటికీ రాదు.

ఇంకొకటి, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. మన దగ్గర కోడి కళ్ళ ముందే కోస్తారు, అదే తాజాదనం అనుకుంటాం. కోసిన కాసేపటికి కండ బిగుసుకుంటుంది, మళ్ళీ వదులవడానికి కొన్ని గంటలు పడుతుంది. బిగుసుకున్న దశలో నిప్పు మీదికి పోతే ఆరు వారాల బ్రాయిలర్ కూడా రబ్బరులా నములుతుంది. కూరలో ముక్కలు ఉడికి ఉడికి ఈ తేడా మరుగున పడుతుంది, కాల్చినప్పుడు పడదు. పొద్దున తెచ్చి మధ్యాహ్నం కాల్చే అలవాటు మానాలి. ముందురోజు తెచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

ఆ రాత్రే ఉప్పు పని కూడా అయిపోతుంది. కోడి బరువులో 1.1 శాతం ఉప్పు, అంటే 1.4 కిలోల పక్షికి 15 గ్రాములు. మామూలు అయొడైజ్డ్ ఉప్పు టీస్పూను తలకొట్టి తీస్తే 6 గ్రాముల చుట్టుపక్కల, కాబట్టి రెండున్నర టీస్పూన్లు. ఇందులో మూడొంతులు రొమ్ముకీ తొడలకీ, మిగిలింది కడుపులో. ఉప్పుతో పాటు ఒక టీస్పూను బేకింగ్ పౌడరు కలపండి, తోలు క్షారగుణం వైపు జరిగి తొందరగా ఎర్రబడుతుంది. వంటసోడా వెయ్యకండి, సబ్బు రుచి వస్తుంది. తర్వాత కోడిని జాలీ మీద పెట్టి, కింద పళ్ళెం పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో 12 నుంచి 24 గంటలు. కింద ఇంకేమీ ఉండకూడదు, నీళ్ళు కారితే పెరుగు గిన్నెలో పడతాయి. మరుసటి రోజుకి తోలు ముట్టుకుంటే పార్చ్‌మెంట్ కాగితంలా పొడిగా, కాస్త పారదర్శకంగా ఉండాలి. అలా లేకపోతే ఇంకో ఆరు గంటలు ఆగండి.

పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్ళు కడగనిదే కోడిని వంటింట్లోకి రానివ్వని ఇళ్ళున్నాయి. పంపు కింద కడిగితే తుంపర్లతో క్రిములు సింకు చుట్టూ చేరతాయి, వాటిని చంపేది నిప్పే. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరంటే గిన్నెలో నింపిన నీళ్ళలో ముంచి తీయండి, తుడిచేటప్పుడు మాత్రం లోపలా బయటా పొడి అయ్యేదాకా తుడవండి. ఉప్పునీళ్ళలో నానబెట్టే పద్ధతి కూడా ఉంది, లీటరుకి 60 గ్రాములు, నాలుగైదు గంటలు. రొమ్ముకి మంచిదే, తోలుకి చెడ్డది. తడిసిన తోలుని మళ్ళీ ఆరబెట్టడానికి ఎలాగూ ఇంకో రాత్రి కావాలి, మరి మొదటే పొడి ఉప్పు రాయొచ్చు కదా.

బొగ్గు దగ్గరికి వస్తే దిగుమతి సంచుల కోసం డబ్బు తగలేయక్కర్లేదు. మన ఊళ్ళ వైపు బొగ్గుబట్టీల్లో కాల్చే బొగ్గులో ఎక్కువ భాగం సర్కారు తుమ్మది. కన్నడంలో బళ్ళారి జాలి అంటారు, సీమలో కంప అంటే సరిపోతుంది, శాస్త్రం పేరు ప్రొసోపిస్ జూలిఫ్లోరా. జమైకా నుంచి వచ్చిన విత్తనంతో 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు; వంటచెరకు కరువు తీర్చడానికి వచ్చిన చెట్టు చెరువుల్నీ బీళ్ళనీ మింగేసి రైతుకి శత్రువైంది. పొలంలో అది ఎంత పీడో నిప్పులో అంత మంచిది. చెక్క గట్టిది, బొగ్గు బరువుగా ఉంటుంది, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. పెరూలో పోయో అ లా బ్రాసా అనే కోడి ఉంది, 1950లో లిమా శివార్లలో రోజర్ షూలర్ అనే స్విస్ దేశస్థుడు మొదలుపెట్టాడు. బొగ్గు సెగ పక్కన కడ్డీకి గుచ్చి తిప్పుతారు. సంప్రదాయంగా దానికి వాడేది అల్గరోబో చెక్క. హవాయిలో 1955లో ఎర్నెస్ట్ మోర్గాడో అనే కోళ్ళ వ్యాపారి పేరు తెచ్చిన హులి హులి కోడికి వాడేది కియావే చెక్క. అల్గరోబో, కియావే రెండూ మన సర్కారు తుమ్మకి అన్నదమ్ములే, అదే ప్రొసోపిస్ కుటుంబం. ఆ రెండు చోట్లా కోడిని నాలుగు గంటలు పొగలో నానబెట్టరు, గట్టి సెగ మీద తిప్పుతూ గంటలో దించేస్తారు.

బొగ్గు కొనేటప్పుడు ఒక ముక్కని ఇంకో ముక్కతో కొట్టి చూడండి. సరిగ్గా కాలిన బొగ్గు గాజులా ఖణేల్ మంటుంది. దబ్ మని మోగిందంటే లోపల ఇంకా చెక్క ఉన్నట్టు, అది తెల్లటి పొగ కక్కుతుంది. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా బొగ్గు గాలిలో తేమ తాగుతుంది, అంటించగానే టపటపా పేలి నిప్పురవ్వలు కాళ్ళ మీద పడతాయి. ముందురోజు ఎండలో పరిస్తే చాలు, ఎండ లేకపోతే మూత బిగిన డబ్బాలో దాచుకోవాలి. కొబ్బరి చిప్పల బ్రికెట్లు కూడా బాగుంటాయి, వేడి సమంగా వస్తుంది, పొగా వాసనా తక్కువ. పాత సంచిలో అడుగున మిగిలిన పొడి మాత్రం వెయ్యకండి, గాలి దారులు మూసుకుపోతాయి.

రుచినిచ్చే పొగ కోసం విడిగా చెక్క కావాలి. నా ఓటు జామకి. ఎండిన జామ కొమ్మ, బొటనవేలి కంటే లావు, జానెడు ముక్కలు రెండు, మొత్తం 100 గ్రాములు. జామ పొగ తియ్యగా, తేలిగ్గా ఉంటుంది, కోడి రుచిని నొక్కేయదు. చింతచెక్క ఘాటు, దానిలో సగం చాలు. కాఫీ తోటల్లో కొట్టేసిన కాఫీ కొమ్మలు దొరికితే అవీ మంచివే. మామిడి వాడేవాళ్ళు బెరడు చెక్కేసి వాడాలి, ఆ జిగురు కొందరి ఒంటికీ గొంతుకీ పడదు. నీలగిరి వద్దు, మాంసం జలుబు మందులా తయారవుతుంది. వేప చేదు. గన్నేరు విషం, దగ్గరికి కూడా రానివ్వొద్దు. సామాను వచ్చిన పెట్టెల పైన్ చెక్కలో బంక ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురుమందు ఉంటుంది. అపార్ట్‌మెంటు తోటలో నరికిన పచ్చి కొమ్మ కనీసం ఆరు నెలలు ఆరాలి.

చెక్కని నీళ్ళలో నానబెట్టమనే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. నీరు చెక్క లోపలికి పోదు, పైన తడుస్తుందంతే. ఆ తడి ఆవిరయ్యేదాకా వచ్చేది ఆవిరి, పొగ కాదు. పైగా బొగ్గు చల్లబడి ముక్కు మండే తెల్ల పొగ మొదలవుతుంది. మనకి కావాల్సింది ఉందో లేదో తెలియనంత పల్చటి నీలి పొగ. లావుగా, పాలలా వచ్చే పొగ అంటే చెక్క సరిగా మండక మసగ్గా రాజుకుంటున్నట్టు, అందులోని తారు తోలు మీద చేరి నాలుకకి చేదుగా, జిడ్డుగా తగులుతుంది.

నిప్పు అంటించడానికి కిరోసిన్ వాడితే ఆ వాసన చివరిదాకా ఉంటుంది. గుడ్ల అట్టలో నాలుగు గుంతలంత ముక్క చించి, దాని మీద వాడేసిన వంటనూనె రెండు చెంచాలు పోసి, చిమ్నీ, అంటే బొగ్గు నింపి రాజేసే రేకు గొట్టం, అడుగున పెట్టి వెలిగించండి. ఎండిన కొబ్బరి పీచు కూడా అదే పని చేస్తుంది. 57 సెంటీమీటర్ల గుండ్రటి మూత బార్బెక్యూకి, అంటే కెటిల్‌కి, కిలోన్నర తుమ్మ బొగ్గు. ఇరవై నిమిషాల్లో పై ముక్కల అంచులు బూడిద రంగుకి తిరుగుతాయి. బొగ్గుని రెండు భాగాలు చేసి ఎడమా కుడీ గుట్టలుగా పెట్టండి, మధ్యలో పాత స్టీలు పళ్ళెం, అందులో ఒక గ్లాసు నీళ్ళు. ఆ నీళ్ళు కారే కొవ్వు అంటుకోకుండా ఆపడానికే. పెద్ద గిన్నెతో నీళ్ళు పెడితే లోపలంతా ఆవిరి నిండి తోలు మెత్తబడుతుంది. చెక్క ముక్కలు గుట్టకొకటి పెట్టి మూత మూసి, తెల్ల పొగ పల్చబడేదాకా ఐదు పది నిమిషాలు ఆగి అప్పుడు కోడిని పెట్టండి.

ఈ కెటిల్ ఆకారం 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తయారుచేసింది. ఆయన పనిచేసే లోహపు కర్మాగారంలో నీళ్ళ మీద తేలే బోయాలు చేసేవారు, ఆ గుండుని రెండుగా కోసి కింది సగం కుంపటి, పై సగం మూత అన్నాడు. మొత్తం పద్ధతికి ప్రాణం ఆ మూతే. సీకులు కాల్చుకునే తెరిచిన పెట్టె గ్రిల్లు మీద నిండు కోడి కాలదు, కింద మాడి పైన పచ్చిగా ఉంటుంది. అలాంటిదే ఉంటే పెద్ద అల్యూమినియం డేగిసా బోర్లించి, ఒక పక్క ఇటుక ముక్క పెట్టి వేలెడు సందు వదలండి. నూనె డ్రమ్ముతో గ్రిల్లు చేయించుకునేవాళ్ళకి ఒక మాట: డ్రమ్ములో ముందు ఏముండేదో తెలియకపోతే తీసుకోకండి, లోపలి పెయింటు పూర్తిగా కాలిపోయేదాకా ఒకసారి గట్టిగా మండించండి, జాలీకి జింకు పూత కమ్మీ వాడనివ్వకండి. ఆ పూత వేడికి వచ్చే పొగ పీల్చకూడనిది.

గాలి కన్నాల విషయంలో నియమం ఒక్కటే. పై కన్నం ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉంచాలి, వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా కింది కన్నంతోనే. పైది మూస్తే పొగ లోపలే తిరుగుతూ పాతబడి చేదెక్కుతుంది. మిద్దె మీద ఆషాఢమాసం గాలి జోరుగా ఉంటుంది, కింది కన్నం గాలికి ఎదురుగా ఉంటే పది నిమిషాల్లో 220 దాటిపోతుంది. నీళ్ళ ట్యాంకు చాటునో పిట్టగోడ చాటునో పెట్టి కన్నాన్ని గాలికి వెనక్కి తిప్పండి. బాల్కనీలో వద్దు. పై ఇంటివాళ్ళతో గొడవ సంగతి అటుంచితే, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపు సందులోంచి గదిలోకి పోతుంది. చలేస్తుందని మిగిలిన నిప్పుని లోపలికి తెచ్చుకోవడం అంతకన్నా ప్రమాదం.

మూత మీది గడియారంలాంటి థర్మామీటర్‌ని నమ్మకండి. అది చూపించేది మూత కింది వేడిగాలిని, కోడి ఉన్న చోట ఇరవై డిగ్రీల దాకా తేడా ఉంటుంది. సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనాలి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్.పి. రోడ్డులో వెతికితే దొరుకుతుంది. కొన్నాక మరిగే నీళ్ళలో పెట్టి చూస్తే 97 చూపిస్తుంది. పాడైందని వెనక్కి తీసుకెళ్ళకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు మరిగేది ఆ వేడికే. అనుమానం ఉంటే గ్లాసు నిండా నలిపిన ఐసు, కొంచెం నీళ్ళు పోసి కలిపి చూడండి, సున్నా రావాలి.

కోడిని రొమ్ము పైకి ఉండేలా, రెండు తొడలూ రెండు బొగ్గు గుట్టల వైపు ఉండేలా మధ్యలో పెట్టాలి. రెక్కల చివరలు వీపు కిందికి మడవండి. కాళ్ళని దారంతో బిగించి కట్టడం అందం కోసమే. కట్టిన కోడిలో తొడల లోపలి వైపుకి సెగ వెళ్ళదు, అవి అయ్యేదాకా రొమ్ము ఎండుతూ కూర్చుంటుంది. కాళ్ళు వదులుగా విడిగా ఉంటేనే మంచిది. రొమ్ము 70 నుంచి 72 దగ్గర దించాలి, తొడ కీలు దగ్గర 80 దాటాలి. ఒకే పక్షిలో ఈ రెండూ కలిసిరావడమే ఈ విద్యలో అసలు కష్టం. దానికో ఉపాయం ఉంది: ఫ్రిజ్ నుంచి తీశాక కాళ్ళు గది వేడికి వదిలేసి, రొమ్ము మీద మాత్రం ఐసు ముక్కల ప్లాస్టిక్ సంచి ఇరవై నిమిషాలు పెట్టండి. రొమ్ము నాలుగైదు డిగ్రీలు వెనకబడి బయల్దేరుతుంది, చివరికి రెండూ ఒకేసారి చేరతాయి.

అమెరికా ప్రభుత్వం చెప్పే అంకె 74. ఆ వేడి తగిలితే క్రిములు అప్పటికప్పుడు చస్తాయి. 66 దగ్గర ఐదు నిమిషాలు నిలిచినా అదే పని జరుగుతుంది. 71 దగ్గర దించిన రొమ్ము పళ్ళెంలో ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తానే ఎక్కుతుంది, కాబట్టి ఇందులో ధైర్యసాహసాలేమీ లేవు.

170, 175 మీద 1.4 కిలోల కోడికి 75 నుంచి 90 నిమిషాలు. మొదటి 45 నిమిషాలు మూత తియ్యకండి. తీసిన ప్రతిసారీ వేడి పడిపోతుంది, బొగ్గుకి గాలి తగిలి మళ్ళీ ఎగుస్తుంది. 45 దగ్గర ఒకసారి చూసి, ఒక వైపు ఎక్కువ ఎర్రబడుతుంటే పక్షిని అటు ఇటు తిప్పండి. బొగ్గు తగ్గితే వెలిగించి ఉంచుకున్న నిప్పులే వెయ్యాలి, పచ్చి బొగ్గు వేస్తే మళ్ళీ తెల్ల పొగ. రొమ్ము 62కి వచ్చాక కింది కన్నం పూర్తిగా తెరవండి, చివరి పది నిమిషాలు 200 దాకా పోనిస్తే తోలు బుడగలు కట్టి కరకరలాడుతుంది. రెండు కోళ్ళు పెట్టినా సమయం దాదాపు అంతే, మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి, బొగ్గు ఇంకో అరకిలో. వెన్నెముక కత్తిరించి పరిచేస్తే ఇదంతా 50 నిమిషాల్లో అవుతుంది, మొదటిసారి కాల్చేవాళ్ళకి అదే తేలిక. నిండు కోడి కోసేటప్పుడు కారే రసం మాత్రం దాంట్లో దొరకదు.

కోసినప్పుడు ఎముక పక్కన గులాబీ రంగు కనిపిస్తే కంగారుపడి మైక్రోవేవ్‌లో పెట్టేవాళ్ళున్నారు. లేత బ్రాయిలర్ ఎముకలు గుల్లగా ఉంటాయి, మూలుగ రంగు కాల్చేటప్పుడు బయటికి ఊరుతుంది. తోలు కింద కూడా గులాబీ చార కనిపిస్తుంది, అది పొగలోని వాయువులు మాంసం రంగుతో కలిసినందువల్ల. రంగునీ, కారే రసం తెల్లగా ఉందా అన్నదాన్నీ నమ్మకండి, సూది చెప్పిందే లెక్క. దించాక పది పదిహేను నిమిషాలు జాలీ మీద అలా వదిలేయండి. ఫాయిల్ కప్పితే గంటన్నర కష్టపడి తెచ్చిన కరకర ఐదు నిమిషాల్లో ఆవిరికి మెత్తబడుతుంది.

బీరు డబ్బా మీద కోడిని కూర్చోబెట్టే వేడుక ఈ ఊళ్ళో బాగా నడుస్తుంది. బీరు తాగేసి కోడిని విడిగా కాల్చమని నా సలహా. కోడి కడుపులో ఉన్న డబ్బా 70 దాటేసరికే కోడి అయిపోతుంది, బీరు మరిగేదీ లేదు, ఆవిరి మాంసంలోకి ఎక్కేదీ లేదు. డబ్బా అడ్డంగా ఉండటం వల్ల లోపలి నుంచి సెగ తగలదు, పైగా డబ్బా మీది రంగు, లోపలి ప్లాస్టిక్ పూత వేడెక్కుతాయి. అలాగే కడుపులో బిరియానీ కూరడం. ఆ అన్నం క్షేమమైన వేడికి చేరేసరికి రొమ్ము కొయ్యబారుతుంది. ఒక వెల్లుల్లి గడ్డ, సగం నిమ్మకాయ పెట్టుకోండి, వాసనకి చాలు.

మసాలా గురించి చెబితే తెలుగువాళ్ళకి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, గరం మసాలా పట్టించిన కోడికి పొగ దండగ. ఆ తడి తోలుని ఆరనివ్వదు, కారప్పొడి 175 మీద గంటసేపు ఉంటే నల్లబడి చేదెక్కుతుంది, మసాలా గోలలో జామ పొగ ఎవరికీ వినపడదు. పైన ఉప్పు కాక దంచిన మిరియాలు, కచ్చాపచ్చాగా నూరిన ధనియాలు చాలు. కారం చివర్లో. రెండు చెంచాల నెయ్యి కరిగించి అందులో ఒక చెంచా బ్యాడిగి కారం, అర చెంచా బెల్లం పొడి, సగం నిమ్మకాయ రసం కలిపి ఆఖరి పది నిమిషాల్లో ఒకే ఒక్కసారి పుయ్యండి. బ్యాడిగి మిరప రంగు ఎక్కువ, మంట తక్కువ, ఈ పనికి గుంటూరు కారం కంటే అదే నయం. గుంటూరు పౌరుషం అడ్డొస్తే జాడీ అడుగున మిగిలిన ఆవకాయ నూనె ఉంది కదా, అది పూస్తే ఇంకేమీ కలపక్కర్లేదు, ఉప్పు మాత్రం రాత్రి పూతలో రెండు టీస్పూన్లకి తగ్గించుకోండి. ఆఖరి పది నిమిషాల కంటే ముందే పూస్తే బెల్లం మాడుతుంది, మధ్యమధ్యలో పూస్తూ ఉంటే తోలు తడుస్తూనే ఉంటుంది.

పని అయ్యాక రెండు కన్నాలూ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్ళీ పనికొస్తుంది. బూడిద మరుసటి రోజుదాకా కదపకండి. పైకి చల్లగా కనిపించే బూడిదలో దాగిన నిప్పురవ్వ ప్లాస్టిక్ చెత్తడబ్బాని కరిగించగలదు.

ఇన్ని మాటలూ బ్రాయిలర్‌కే. నాటుకోడిది వేరే లెక్క. ఏడాది తిరిగిన పుంజు తొడల్లో నిజంగానే కరగాల్సిన పీచుంది, కానీ కొవ్వు లేదు, పొడి సెగలో ఎంతసేపు పెట్టినా అది తాడులా పేనుకుంటుంది తప్ప విడిపోదు. దానికి నీళ్ళు కావాలి. అందుకే ఆ ఒక్కదానికి సన్న సెగని ఒప్పుకుంటాను, అదీ సగం దారి వరకే. పసుపు రాసి కాల్చిన నాటుకోడిని నాలుగు పెద్ద ముక్కలు చేసి, ఉప్పు పట్టించి, 110, 120 మధ్య 45 నిమిషాలు జామ పొగలో పెట్టండి. ముక్క అప్పటికి సగమే ఉడికి ఉంటుంది, చల్లారనివ్వకుండా తిన్నగా పొయ్యి మీది గిన్నెలోకి మార్చాలి. చిన్న ముక్కలు కొట్టి, వేగిన ఉల్లిపాయల్లో వేసి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి ముద్దతో ఎప్పట్లా పులుసు పెట్టండి. గరం మసాలా మాత్రం సగానికి తగ్గించండి, లేకపోతే పొగ కనపడదు. సంగటి ముద్దలో గుంత చేసి పోసుకునేంత పల్చగా ఉంచండి.